బిల్లు పాసైతే చట్టం వచ్చినట్టేనా? పాలనా భాషలో ఒక్కో మాట వెనక ఒక్కో దశ

క్లుప్తంగా: ప్రభుత్వ నిర్ణయాల గురించి మాట్లాడేటప్పుడు ‘పాసైంది’, ‘జారీ చేశారు’, ‘అమల్లోకి వచ్చింది’, ‘స్టే ఇచ్చారు’, ‘కొట్టేశారు’, ‘రద్దు చేశారు’ అనే మాటలు ఒకదాని బదులు ఒకటి దొర్లిపోతుంటాయి. నిజానికి ఒక్కోటి ఒక్కో దశను చెబుతుంది. ఆ దశలో అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా చెబుతుంది. చట్టం పేరు కన్నా దాని పక్కనున్న క్రియను చూస్తేనే ఆ వార్తతో ఏం మారుతుందో అర్థమవుతుంది. భూములు, జిల్లాల విభజన, టీటీడీ నిర్ణయాల విషయంలో తిరుపతి, చిత్తూరు జిల్లాలు చూసిన సంగతులు ఇందుకు మంచి ఉదాహరణలు.

ఒక చట్టం, మూడు రకాల సమాధానాలు

2023 చివరి నుంచి 2024 ఎన్నికల దాకా రాష్ట్రంలో భూమి ఉన్న ప్రతి ఇంట్లోనూ ల్యాండ్ టైటిలింగ్ యాక్ట్ (భూమి హక్కుదారు ఎవరో ప్రభుత్వ రిజిస్టర్‌లోనే తేల్చే చట్టం) మాట వినిపించింది. లాయర్లు కోర్టు విధులు బహిష్కరించారు. చట్టం వచ్చేసిందని కొందరు, ఇంకా రాలేదని కొందరు, వచ్చినా అమలు కాలేదని ఇంకొందరు వాదించారు. రైతుకు కావాల్సింది ఒక్కటే: తన పాస్‌బుక్ పరిస్థితి ఏమిటి? దానికి సూటిగా జవాబు దొరక్కపోవడానికి సగం కారణం రాజకీయమైతే, మిగతా సగం ‘చట్టం వచ్చింది’ అన్న మాటలోనే ఉంది. ఆ మాటను ఎవరు ఏ దశకు వాడుతున్నారో ఎవరూ విడమరిచి చెప్పలేదు.

జరిగిన క్రమం ఇది. ఆ బిల్లు 2019లో తొలిసారి శాసనసభ ఆమోదం పొందింది. కేంద్రం అభ్యంతరాలు చెప్పడంతో మార్పులు చేసి 2022లో మళ్లీ పాస్ చేశారు. కేంద్ర చట్టాలతో ముడిపడ్డ విషయం కాబట్టి గవర్నర్ సంతకంతో సరిపోలేదు, రాష్ట్రపతి ఆమోదం కావాల్సి వచ్చింది. అది 2023లో దొరికింది. అదే ఏడాది అక్టోబరు 31న జీవో ఇచ్చి చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. అయితే దాన్ని నడపాల్సిన రూల్స్, యంత్రాంగం అప్పటికి పూర్తిగా సిద్ధం కాలేదు. 2024 జూలైలో కొత్త ప్రభుత్వం రద్దు బిల్లు తెచ్చి సభలో పాస్ చేయించింది.

కాబట్టి ‘చట్టం అమల్లో ఉంది’ అన్నవాళ్ల దగ్గర జీవో ఉంది. ‘అమలు కాలేదు’ అన్నవాళ్లకు రూల్స్ లేకపోవడం ఆధారం. ఇద్దరూ వాడింది ‘అమలు’ అన్న మాటే. మొదటివాళ్లకు అది చట్టానికి ప్రాణం పోసిన తేదీ, రెండోవాళ్లకు తహసీల్దారు ఆఫీసులో పని మొదలైన రోజు. ఇంగ్లిష్‌లో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి: మొదటిది కమ్ ఇంటు ఫోర్స్, రెండోది ఇంప్లిమెంట్. తెలుగులో రెంటికీ ‘అమలు’తోనే నెట్టుకొస్తున్నాం. గందరగోళం చాలావరకు ఇక్కడే పుడుతోంది.

పాస్ కావడానికీ అమల్లోకి రావడానికీ మధ్య

సభలో చేతులెత్తిన రోజున బిల్లు చట్టం కాదు. రాష్ట్రంలో అసెంబ్లీ, కౌన్సిల్ దాటాక రాజ్యాంగం 200వ అధికరణ ప్రకారం అది గవర్నర్ దగ్గరకు వెళుతుంది. ఆయన సమ్మతి తెలపవచ్చు, తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పక్కన పెట్టవచ్చు. సమ్మతి వచ్చి గెజిట్‌లో అచ్చయితే బిల్లు అనే పేరు పోయి యాక్ట్ అవుతుంది.

అప్పటికీ ప్రయాణం పూర్తి కానక్కర్లేదు. చాలా చట్టాల్లో మొదటి సెక్షన్‌లోనే ఒక చిన్న వాక్యం ఉంటుంది: ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే తేదీ నుంచి ఇది అమల్లోకి వస్తుంది అని. శాసనసభ చేసిన చట్టానికి తాళంచెవి సర్కారు చేతికి వెళ్లేది ఈ వాక్యం వల్లే. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. రాష్ట్ర విభజన చట్టానికి రాష్ట్రపతి 2014 మార్చి 1న ఆమోదం తెలిపారు. రెండు రాష్ట్రాలు ఏర్పడింది మాత్రం ‘అపాయింటెడ్ డే’గా ప్రకటించిన జూన్ 2న.

ఈ ఎడం ఒక్కోసారి ఏళ్లకు ఏళ్లు సాగుతుంది. నాలుగు లేబర్ కోడ్‌లే చూడండి. వేతనాల కోడ్ 2019లో, మిగతా మూడు 2020 సెప్టెంబరులో పార్లమెంటు దాటాయి. 29 పాత చట్టాల స్థానంలో వచ్చిన ఈ నాలుగూ అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. సత్యవేడు వైపు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో గడువు కాంట్రాక్టు మీద పనిచేస్తున్న కుర్రాడి సంగతి తీసుకుంటే తేడా తెలుస్తుంది. గ్రాట్యుటీకి పాత చట్టం ప్రకారం సాధారణంగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి. కొత్త కోడ్‌లో అలాంటి ఉద్యోగికి ఏడాది సర్వీసు చాలు. కానీ కోడ్ పాసైందని 2020లోనే నమ్మి, 2022లో ఉద్యోగం మానేసి ఉంటే అతనికి ఆ సెక్షన్ పనికొచ్చేది కాదు. కార్మిక వ్యవహారాలు ఉమ్మడి జాబితాలో ఉన్నందున కేంద్రంతో పాటు రాష్ట్రం కూడా తన వంతు రూల్స్ రాయాలి. ఆలస్యానికి పెద్ద కారణాల్లో అదొకటి.

చట్టంలో ఒక ముక్కను ఆపి మిగతాది వదలడం కూడా మామూలే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితకు 2023 డిసెంబరు 25న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 2024 జూలై 1 నుంచి అది అమల్లో ఉంది. అందులో 106వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌ను మాత్రం ఆరోజు పక్కన పెట్టారు. యాక్సిడెంట్ చేసి, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల దాకా జైలు అని చెప్పే నిబంధన అది. 2024 జనవరిలో దేశమంతా లారీ డ్రైవర్లు సమ్మెకు దిగింది దీనిపైనే. చట్టం పుస్తకంలో ఆ ఉపసెక్షన్ అచ్చయి కనిపిస్తుంది. చదివిన డ్రైవర్‌కు టెన్షన్ సహజం. అమలు తేదీ నోటిఫికేషన్ చూడకుండా పుస్తకం ఒక్కటే చదివితే అతనికి నిజం తెలియదు.

జీవో కాగితం ఏం చెబుతుంది

సామాన్యుడి దాకా వచ్చేది చట్టం కన్నా జీవోనే. అందుకే దాన్ని చదవడం తెలిసి ఉండాలి. పైన ‘అబ్‌స్ట్రాక్ట్’ అనే శీర్షిక కింద విషయం నాలుగు ముక్కల్లో ఉంటుంది. దాని కింద శాఖ పేరు, నంబరు, తేదీ. నంబరుకు ముందు ఎంఎస్ అని ఉంటే మాన్యుస్క్రిప్ట్. విధానాలు, రూల్స్, పదిమందికీ వర్తించే నిర్ణయాలు ఎక్కువగా ఇందులో వస్తాయి. ఆర్‌టీ అని ఉంటే రొటీన్. ఒకరి బదిలీ, ఒక బిల్లు చెల్లింపు వంటివి ఇందులో ఉంటాయి. తర్వాత ‘రీడ్ ది ఫాలోయింగ్’ అంటూ అంతకుముందున్న చట్టాలు, జీవోలు, లేఖల జాబితా. చివర ‘గవర్నర్ ఉత్తర్వు మేరకు, ఆయన పేరిట’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం, కింద కార్యదర్శి సంతకం. కార్యనిర్వాహక నిర్ణయాలన్నీ గవర్నర్ పేరిటే వెలువడాలని రాజ్యాంగం 166వ అధికరణ చెబుతుంది. గవర్నర్ స్వయంగా తేల్చిన విషయమని దానర్థం కాదు.

అసలు చూడాల్సింది ఉత్తర్వు భాగంలో, ‘ఫలానా చట్టం ఫలానా సెక్షన్ కింద సంక్రమించిన అధికారాలను వినియోగించి’ అనే వాక్యం. అది ఉంటే ఆ జీవోకు చట్టం దన్ను ఉంది. లేకపోతే అది ప్రభుత్వం తన సిబ్బందికి ఇచ్చుకున్న ఆదేశం కావచ్చు. దానితో పౌరుడి హక్కును తగ్గించడం కష్టం. సర్క్యులర్, మెమో ఇంకా కింది మెట్టు. రాజ్యాంగానికి చట్టం, చట్టానికి రూల్స్, రూల్స్‌కు జీవో, సర్క్యులర్ లోబడి ఉండాలి. పైదానితో పొసగనప్పుడు కిందిది ఓడిపోతుంది.

తిరుమలలో దర్శనానికి వచ్చే అన్యమతస్తులు స్వామిపై విశ్వాసం ఉందంటూ ఇవ్వాల్సిన డిక్లరేషన్ మీద వివాదం రేగినప్పుడల్లా ‘అది చట్టంలో ఉందా, ఆచారమా’ అన్న ప్రశ్న వస్తుంది. అది 1987 నాటి దేవాదాయ చట్టం కింద 1990లో జీవో 311 ద్వారా చేసిన నిబంధనల్లో ఉంది. అంటే చట్టం సెక్షన్ కాదు, వట్టి ఆచారమూ కాదు. చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం రాసిన రూల్. దాన్ని మార్చాలంటే అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు, ప్రభుత్వమే రూల్‌ను సవరించవచ్చు. అలాగని దేవస్థానం అధికారి ఇష్టానికి వదిలిన విషయమూ కాదు. వాదించే రెండు పక్షాలూ ఈ మధ్య మెట్టును వదిలేసి మాట్లాడటం తరచూ కనిపిస్తుంది.

ప్రాథమిక నోటిఫికేషన్‌లో శ్రీబాలాజీ, తుది నోటిఫికేషన్‌లో తిరుపతి

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 2022లో మూడు ముక్కలైంది. దానికి కొత్త చట్టమేదీ అవసరం కాలేదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టమే చాలింది. ముందు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలకు, సూచనలకు 30 రోజుల గడువు, ఆపైన తుది నోటిఫికేషన్ అనే క్రమం ఆ చట్టంలో ఉంది. 2022 జనవరి చివర్లో వచ్చిన ప్రాథమిక నోటిఫికేషన్‌లో కొత్త జిల్లా పేరు శ్రీబాలాజీ. ఏప్రిల్ 3 నాటి తుది నోటిఫికేషన్‌లో అది తిరుపతి అయింది. మర్నాటి నుంచి 26 జిల్లాలు పనిచేయడం మొదలుపెట్టాయి. నగరి నియోజకవర్గంలో పుత్తూరు, వడమాలపేట మండలాలు తిరుపతి జిల్లాకు వచ్చాయి. నగరి, నిండ్ర, విజయపురం చిత్తూరులోనే ఉండిపోయాయి.

‘ప్రాథమిక’ అన్న ఒక్క మాటకు ఎంత విలువుందో ఇక్కడ కనిపిస్తుంది. ప్రాథమిక నోటిఫికేషన్ రాగానే అంతా అయిపోయిందనుకుని ఊరుకున్నవాళ్లు ఆ 30 రోజులను పోగొట్టుకున్నారు. కలెక్టరేట్‌కు వెళ్లి అర్జీ ఇచ్చినవాళ్లు మార్పు కోరే హక్కును వాడుకున్నారు. మాస్టర్ ప్లాన్ అయినా, భూసేకరణ అయినా, వార్డుల విభజన అయినా ఇదే పద్ధతి: ముసాయిదా, అభ్యంతరాలు, తుది ప్రకటన. పౌరుడి మాటకు చట్టపరంగా చోటున్నది మధ్య దశలోనే. విచిత్రమేమంటే పత్రికల్లో అతి చిన్న అక్షరాల్లో వచ్చేదీ అదే.

జిల్లా గీత మారితే అన్ని గీతలూ మారవు. చంద్రగిరి తిరుపతి జిల్లాలో ఉంది, ఎంపీ ఓటు మాత్రం చిత్తూరు లోక్‌సభ స్థానానికి పడుతుంది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, ఓటు తిరుపతి లోక్‌సభకు. జిల్లాను గీసింది రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్, నియోజకవర్గాన్ని గీసింది 2008 నాటి డీలిమిటేషన్ ఉత్తర్వు. జిల్లాలు విడిపోయాక కూడా జిల్లా పరిషత్తులు పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే నడిచాయి. మూడు సరిహద్దులకు మూడు అధికారాలు.

‘22ఏలో పడింది’

రెండు జిల్లాల్లోనూ భూమి కొనేవాళ్లను అన్నిటికన్నా భయపెట్టే మాట ‘22ఏలో పడింది’ అన్నది. ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చి, స్టాంపు పేపర్లు రాయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాక కంప్యూటర్‌లో సర్వే నంబరు కొట్టగానే ‘నిషేధిత జాబితాలో ఉంది’ అని తేలుతుంది. దస్తావేజు అక్కడితో ఆగిపోతుంది.

22ఏ అనేది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్రం చేర్చుకున్న సెక్షన్. రాజస్థాన్‌లో ఇదే నంబరుతో ఉన్న పాత తరహా సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2005లో కొట్టేసింది. ఏది ప్రజాప్రయోజనానికి విరుద్ధమో తేల్చే అధికారాన్ని హద్దుల్లేకుండా సర్కారుకు వదిలేయడం చెల్లదన్నది అందులోని సారాంశం. ఆ తర్వాత 2007లో ఆంధ్రప్రదేశ్ తన సెక్షన్‌ను కొత్తగా రాసుకుంది. ఇందులో ఐదు క్లాజులున్నాయి. మొదటిది ఏదైనా చట్టం బదిలీని నిషేధించిన భూములకు. రెండోది ప్రభుత్వ భూములకు. మూడోది దేవాదాయ, వక్ఫ్ వంటి ధార్మిక ఆస్తులకు. నాలుగోది సీలింగ్ (భూ గరిష్ఠ పరిమితి) మిగులు భూములకు. ఐదోది ప్రభుత్వానికి ఆసక్తి ఉన్న ఇతర ఆస్తులకు. మొదటి నాలుగింటికి సంబంధిత అధికారులు జాబితా పంపితే చాలు. ఐదోదానికి మాత్రం కారణం చూపి గెజిట్‌లో నోటిఫై చేయాలి. ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ 2015 డిసెంబరులో ఈ తేడాలను విడమరిచి చెప్పింది.

‘22ఏలో ఉంది’ అని వినగానే అడగాల్సిన ప్రశ్న ‘ఏ క్లాజు?’ అన్నది. సగం పరిష్కారం అందులోనే ఉంటుంది. చిత్తూరు వైపు డీకేటీ పట్టా అని పిలిచే భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి) అయితే అది మొదటి క్లాజు కిందికి వస్తుంది. నిషేధానికి మూలం 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం. అలాంటప్పుడు రిజిస్ట్రార్‌తో గొడవపడి లాభం లేదు. భూమి ఇచ్చి 20 ఏళ్లు దాటిందా, పట్టా పొందిన కుటుంబమే ఇంకా అనుభవంలో ఉందా, 2023లో ఆ చట్టానికి చేసిన సవరణ తనకు వర్తిస్తుందా అని రెవెన్యూ దగ్గర తేల్చుకోవాలి. మఠం, ఆలయ భూమి అంటున్నారంటే మూడో క్లాజు, అక్కడ తేలాల్సింది దేవాదాయ రికార్డు. చుక్కల భూములైతే కథ వేరు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో యజమాని గడిలో పేరు బదులు చుక్కలు పెట్టిన భూములివి. వాటి కోసం 2017లో విడిగా చట్టమే చేయాల్సి వచ్చింది.

‘తీసేశారు’ అన్న మాట కూడా ఇంతే జాగ్రత్తగా వినాలి. నిషేధిత జాబితా నుంచి ఫలానా భూములను తొలగిస్తాం అని మంత్రి సభలో చెప్పడం హామీ. క్యాబినెట్ ఒప్పుకోవడం నిర్ణయం. జీవో రావడం ఉత్తర్వు. కలెక్టర్ ప్రొసీడింగ్స్‌లో ఆ సర్వే నంబరు, విస్తీర్ణంతో సహా కనిపించి, అది రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్‌కు ఎక్కినప్పుడే తొలగింపు. మధ్యవర్తి మొదటి దశనే చూపించి ధర పెంచుతాడు. కొనేవాడు చివరి దశ కాగితం చూశాకే డబ్బు కట్టాలి. ఒక్క సర్వే నంబరులో కొంత పట్టా, కొంత డీకేటీ కలిసి ఉంటే సబ్‌డివిజన్ జరిగేదాకా మొత్తం నంబరే ఆగిపోయే ప్రమాదమూ ఉంది. నోరు తిరగని సెక్షన్లకన్నా ఈ చిన్న వివరమే ఎక్కువమందిని ముంచుతోంది.

స్టే, కొట్టివేత, రద్దు

చట్టాన్ని రద్దు చేసేది చేసినవాళ్లే, అంటే సభ. కొట్టేసేది కోర్టు. స్టే అంటే రెండూ కాదు, కేసు తేలేదాకా ఆపడం. ‘హైకోర్టు చట్టాన్ని రద్దు చేసింది’ అని రాయడం అలవాటైపోయింది గానీ దానివల్ల ముఖ్యమైన తేడా ఒకటి మరుగున పడుతుంది. సభ రద్దు చేస్తే సాధారణంగా అప్పటిదాకా జరిగిన పనులు చెల్లుతాయి. రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేస్తే మొదటినుంచీ చెల్లదన్న వాదనకు తలుపు తెరుచుకుంటుంది.

2023 జనవరిలో వచ్చిన జీవో నంబరు 1 దీనికి దగ్గరి ఉదాహరణ. రోడ్ల మీద సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 ఆధారంగా దాన్ని ఇచ్చారు. ఆ వారంలోనే కుప్పంలో అప్పటి ప్రతిపక్ష నేత పర్యటనకు పోలీసులు అడ్డుపడటంతో వివాదం పెద్దదైంది. మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. సెక్షన్ 30 మాత్రం అలాగే ఉంది. ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి, లైసెన్సు అడగడానికి అది పోలీసులకు ఇచ్చిన అధికారం చెక్కుచెదరలేదు. ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’ అని డీఎస్పీ ప్రకటన చూడగానే సభలన్నీ నిషేధమని అనుకోవడం సరికాదు. అనుమతి తీసుకోవాలన్నదే దాని అర్థం. 144 సెక్షన్ అని ఇప్పటికీ అందరూ అనే నిషేధాజ్ఞ వేరు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దాని నంబరు 163.

కొత్త జిల్లా కలెక్టరేట్‌కు తిరుచానూరు దగ్గరి పద్మావతి నిలయాన్ని ఇచ్చినప్పుడూ ఇలాంటి తికమకే తలెత్తింది. భక్తుల వసతి కోసం కట్టిన భవనాన్ని ఇవ్వడం మీద హైకోర్టు సింగిల్ జడ్జి ముందు ఆపారు, డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. మొదటి ఉత్తర్వు మధ్యంతరం. దాన్ని తుది తీర్పులా తీసుకున్నవాళ్లకు రెండోది అర్థం కాలేదు.

జల్లికట్టు విషయానికొస్తే తేడా కోర్టు మాటలో కాదు, పరిధిలో ఉంది. చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో సంక్రాంతికి పశువుల పండగ జరుగుతుంది. కోడెల కొమ్ములకు అలంకరించిన పలకలు కట్టి వీధిలోకి వదులుతారు. గోడలమీదా మిద్దెలమీదా జనం కిక్కిరిసి ఉంటారు. ఇరుకు వీధిలో పరుగెత్తే కోడెను ఆపి ఆ పలకను లాక్కున్నవాడిదే ఆరోజు మొనగాడి పేరు. ఏటా పోలీసుల హెచ్చరికలు ఉంటాయి, పండగ కూడా జరుగుతుంది. ‘సుప్రీంకోర్టు పర్మిషన్ ఇచ్చేసింది కదా’ అనే మాట 2023 మే తర్వాత ఎక్కువైంది. ఆరోజు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ రాష్ట్రాలకు చేసుకున్న సవరణ చట్టాలను. 2014లో ఇదే కోర్టు నిషేధించాక తమిళనాడు 2017లో మొదట ఆర్డినెన్స్, వెంటనే చట్టం తెచ్చుకుంది. ఆ చట్టం సరిహద్దు దాటి ఇవతలికి రాదు. రంగంపేట పండగకు ఊరి ఆచారం బలం ఉంది గానీ, ఆ తీర్పు దానికి నేరుగా అక్కరకు రాదు.

ఆర్డినెన్స్ ఆయుష్షు

సభ జరగనప్పుడు గవర్నర్ 213వ అధికరణ కింద ఆర్డినెన్స్ ఇవ్వవచ్చు. చట్టంతో సమానంగా పనిచేస్తుంది, కానీ సభ మళ్లీ కూడిన ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే పడిపోతుంది. ప్రార్థనా స్థలాల్లో ఇతర మత ప్రచారాన్ని నిషేధించే నిబంధన 2007లో ఆర్డినెన్స్‌గా వచ్చి, అదే ఏడాది చట్టంగా మారింది. తిరుమలకు అది వర్తించేలా జీవో వచ్చింది కూడా ఆ ఏడాదే. ఒకే ఆర్డినెన్స్‌ను సభకు పెట్టకుండా మళ్లీ మళ్లీ జారీ చేయడం రాజ్యాంగాన్ని వంచించడమేనని 2017లో సుప్రీంకోర్టు బిహార్ కేసులో గట్టిగా చెప్పింది.

బోర్డు తీర్మానం ఎంతవరకు

టీటీడీ పాలకమండలి సమావేశం ముగియగానే ‘కీలక నిర్ణయాలు’ అంటూ వచ్చే జాబితాలో అన్నీ ఒకే బరువున్నవి కావు. 2024 నవంబరు 18 నాటి సమావేశమే ఇందుకు సాక్ష్యం. తిరుపతి స్థానికులకు ప్రతి నెలా మొదటి మంగళవారం దర్శనం తిరిగి కల్పించాలని ఆరోజు తీర్మానించారు. బోర్డు చేతిలో ఉన్న పని కాబట్టి డిసెంబరులోనే మొదలైంది. అదేరోజు అన్యమత ఉద్యోగుల విషయంలో ప్రభుత్వానికి లేఖ రాయాలనీ నిర్ణయించారు. అది ఉద్యోగుల సర్వీసు, రాష్ట్ర ప్రభుత్వం, కోర్టులు కలిసిన వ్యవహారం. బోర్డు ఒక్కటే ముగించగలిగేది కాదు. ‘నిర్ణయించింది’, ‘ప్రభుత్వానికి సిఫారసు చేయాలని నిర్ణయించింది’ అన్న రెండు వాక్యాల మధ్య ఎంత దూరముందో చెప్పకపోతే పాఠకుడు రెంటినీ ఒకే గాట కడతాడు.

దేవాదాయ చట్టంలోనే ఇంకో పొడవైన కథ ఉంది. 1987 చట్టం అర్చకుల, మిరాశీదారుల (ఆలయ సేవల్లో తరతరాల వాటా ఉన్నవాళ్ల) వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. అర్చకుడి నియామకం లౌకిక వ్యవహారమనీ, పూజావిధానం వేరనీ చెబుతూ సుప్రీంకోర్టు 1996లో ఆ రద్దును సమర్థించింది. 2007లో సవరణ చట్టం చేసి వంశపారంపర్య అర్చకత్వానికి మళ్లీ చోటిచ్చారు. దాన్ని అమలు చేస్తూ జీవో వచ్చింది 2019లో. సవరణ పాసైన రోజున కొడుకును వేదపాఠశాలలో చేర్చిన అర్చకుడు, వాడు పెద్దవాడయ్యేదాకా జీవో కోసం ఎదురుచూశాడన్నమాట. సభ ఒప్పుకున్న హక్కును పన్నెండేళ్లు కాగితం మీదే ఉంచడం ఏ ప్రభుత్వ హయాంలో జరిగినా సమర్థించలేని విషయం.

‘లోబడి’ అనే మాట బరువు

ఏపీ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కు పెరుగుతాయని 2014 నుంచి వినిపిస్తూనే ఉంది. విభజన చట్టం సెక్షన్ 26లో ఆ అంకె నిజంగానే ఉంది. కానీ ఆ వాక్యం ‘రాజ్యాంగం 170వ అధికరణకు లోబడి’ అన్న షరతుతో మొదలవుతుంది. 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా సీట్ల సంఖ్యను కదపకూడదని ఆ అధికరణ చెబుతోంది. ‘లోబడి’ అని ఉన్నచోట పై నిబంధనదే పెద్దరికం. అదే ‘ఏమున్నప్పటికీ’ అని రాసి ఉంటే అర్థం తలకిందులయ్యేది. అయినా రాజ్యాంగాన్ని మామూలు చట్టం అలా దాటలేదు. సీట్లు వెంటనే పెంచాలన్న పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చడానికి ఈ షరతు ముఖ్య కారణం.

జనాభా లెక్కల నోటిఫికేషన్ 2025 జూన్‌లో వచ్చింది. మన ప్రాంతానికి లెక్కింపు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంకెలు ప్రచురితమయ్యాక డీలిమిటేషన్‌కు పార్లమెంటు చట్టం చేయాలి, కమిషన్ వేయాలి. కమిషన్ ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు పిలుస్తుంది, బహిరంగ విచారణ జరుపుతుంది, తర్వాత తుది ఉత్తర్వు ఇస్తుంది. అది గెజిట్‌లో అచ్చయ్యాక కోర్టులో సవాలు చేయడానికి దాదాపు దారి ఉండదు. చంద్రగిరి ఏ లోక్‌సభ స్థానంలో ఉండాలి, పుత్తూరు, నగరి ఒకే నియోజకవర్గంగా కొనసాగాలా అన్న వాదనలను రాతపూర్వకంగా పెట్టుకోవాల్సింది ముసాయిదాకూ తుది ఉత్తర్వుకూ మధ్యే.